కొమరయ్య కూతురు కూర్చోనన్న కాగితం

నేను చదువు మానేసిన రోజున కెనడాలోని ఒషావాలో మా కాలేజీ వాళ్లు జెండాను సగానికి దించారు. అది వేరే ఎవరో పెద్దమనిషి పోయినందుకని నా రూమ్మేట్లు ప్రచారం చేశారు గానీ, ఆ పెద్దమనిషి పేరేమిటో ఇవాళ్టి వరకు ఒక్కడూ చెప్పలేకపోయాడు. ఇలాంటివి నేను కాఫీ చల్లారేలోపు పది చెప్పగలను. చెప్పలేకపోయింది ఒక్క ఈశ్వరమ్మగారి దగ్గరే. ఎందుకంటే, మనం మాట్లాడుతుంటే ఆవిడ మన మణికట్టు పట్టుకునేవారు. మూడు వేళ్లు నాడి మీద, కళ్లు గోడ గడియారం మీద. "ఊ, చెప్పు బిడ్డా. జెండా దించిన్రు, తర్వాత?" అనేవారు. నాడి మీద ఆ వేళ్లుండగా అబద్ధం గొంతు దాటి బయటికి రాదు. కావాలంటే మీరూ ప్రయత్నించి చూడండి.

వాన్ అనే ఊళ్లో ఆవిడ ఇంటి బేస్‌మెంట్లో మేం నలుగురం ఉండేవాళ్లం. అది 2019. మనవాళ్లు స్టూడెంట్ వీసాల మీద ఎంత జోరుగా దిగుతున్నారంటే, ఎయిర్‌పోర్టులో ఆఫీసరు "ఎందుకొచ్చావు?" అని కాక "ఎవరి బేస్‌మెంటు?" అని అడిగేవాడు. మాకు దొరికిన బేస్‌మెంటు మాత్రం డాక్టరమ్మది. ఆ మాట పైకి అంటే ఆవిడకు కోపం. "డాక్టరమ్మ సూర్యాపేటల ఉండె. ఇక్కడున్నది ప్యాకింగ్ చేసే ఈశ్వరమ్మ" అనేవారు. ఏ ఫారం నింపినా వృత్తి అన్న చోట "ప్యాకర్, రిటైర్డ్" అని పెద్దక్షరాలతో రాసేవారు.

కానీ ఆవిడ కోడిని కోస్తుంటే చూడాలి. ఒక్కో ఎముకా విడదీస్తూ దాని పేరు రష్యన్‌లో పైకి అనుకునేవారు. ఆవిడ చేతికింద పడిన కోడి పోస్టుమార్టం రిపోర్టుతో సహా కూరలోకి వెళ్లేది.

ఆవిడ తండ్రి కొమరయ్య సూర్యాపేట పక్క పల్లెలో పాలేరు. కమ్యూనిస్టుల సంఘంలో చేరి, నలభై తొమ్మిదిలో జైలుకు పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, జైలు గచ్చు మీద బొగ్గుతో ఇంకో ఖైదీ రాసి చూపిస్తే అక్షరాలు నేర్చుకున్నాడు. విడుదలయ్యాక ఏ దేవుడికీ చెయ్యెత్తి మొక్కలేదు. కూతురికి ఇంట్లోవాళ్లు తన తల్లి పేరే ఈశ్వరమ్మ అని పెడితే, "పిలిచేటందుకు పేరే కదా, పోనీ" అన్నాడట. కానీ దారిలో పడున్న కాగితానికి, అది బస్సు టికెట్టయినా సరే, పొరపాటున కాలు తగిలితే మాత్రం వంగి తీసి రెండు కళ్లకూ అద్దుకునేవాడు. దేవుడు లేడన్నవాడు బస్సు టికెట్టుకు దండం పెట్టడమేమిటని ఊళ్లో వాళ్లు ఆటపట్టిస్తే, "దేవుడు నన్ను జేల్ల చూసిపోను రాలే. అక్షరం వచ్చింది" అనేవాడట.

పార్టీ స్కాలర్‌షిప్పు మీద ఈశ్వరమ్మగారు డెబ్భై ఐదులో సోవియట్ దేశం వెళ్లి, రొస్తోవ్‌లో ఏడేళ్లుండి డాక్టరయ్యారు. అక్కడ మర్యాదగా పిలవాలంటే మనిషి పేరు పక్కన తండ్రి పేరు తగిలించాలి. అందుకని ప్రొఫెసర్లు ఆవిడను "ఈశ్వరమ్మ కొమరయ్యెవ్నా" అని పిలిచేవారు. సూర్యాపేట పాలేరు పేరు రొస్తోవ్ ఆస్పత్రి వరండాల్లో రోజూ మారుమోగిందంటే నేను కల్పించానని మీరనుకుంటారు. ఈ ఒక్కటీ కల్పించలేదు.

తిరిగొచ్చి సర్కారు దవాఖానలో పన్నెండేళ్లు చేశారు. తొంభై ఆరులో భర్త విశ్వనాథంగారి ఉద్యోగం వెంట కెనడా వచ్చారు. ఇక్కడి డాక్టరు పరీక్షలు రెండూ పాసయ్యారు. ఆస్పత్రిలో ట్రైనింగ్ సీటు మాత్రం రాలేదు. అది లేకపోతే లైసెన్సు లేదు. నాలుగేళ్లు ఇంటర్వ్యూలకు తిరిగి, ఐదో ఏడు వాన్‌లోనే మందుల గోడౌన్‌లో డబ్బాలు సర్దే పనికి వెళ్లారు. పద్దెనిమిదేళ్లు. చేతిలోంచి పోయే ప్రతి మందూ దేనికో, ఎంత మోతాదో ఆవిడకు తెలుసు. రాసే అధికారం లేదు. విశ్వనాథంగారు పోయాక బేస్‌మెంట్లోకి మమ్మల్ని తెచ్చుకున్నారు.

ఇంతే అయితే ఈ కథ చెప్పను. సినిమా వచ్చింది.

మా ఇంటికి దగ్గర్లో రష్యన్ మాట్లాడేవాళ్ల సరుకుల కొట్టు ఒకటుంది. ఈశ్వరమ్మగారు నెలకోసారి నల్లరొట్టె కోసం వెళ్లేవారు. నోరు విప్పకుండా వేలితో చూపించి కొనుక్కొచ్చేవారు. భాష తుప్పు పట్టిపోయింది, తప్పులొస్తే సిగ్గు అని. అక్టోబరులో ఒకరోజు ముందున్న ముసలాయన కళ్లు తిరిగి కౌంటరు పట్టుకుంటే, ఈవిడ ఒక్కసారిగా రష్యన్‌లో "కూర్చోండి, తల కిందికి వంచండి" అని గద్దించారు. కౌంటరులో ఉన్న తమారా చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

తమారా కొట్టులో పని చేసేది పొట్టకోసం. అసలు పని, భర్త ఆర్కాదితో కలిసి సినిమా తీయడం. ఆర్కాది వారమంతా సామాన్ల లారీ నడిపి, శని ఆదివారాలు డైరెక్టరయ్యేవాడు. వాళ్ల గుంపులో ఒకరిది ఒడెస్సా, ఒకరిది రీగా, ఒకరిది తాష్కెంట్. అందరినీ కలిపింది భాషొక్కటే. సినిమా పేరు తెలుగులో చెప్పాలంటే "దుబాసీ లేని మనిషి". కెనడాలో ముప్పై ఏళ్లు బతికిన ఒక రష్యన్ ముసలాయన చావు మంచం మీద ఇంగ్లిషంతా మర్చిపోతాడు. ఆయన ఏమంటున్నాడో చుట్టుపక్కల ఎవరికీ అర్థం కాదు. చివరకు ఒక డాక్టరు వస్తుంది. భారతీయురాలు. ఎప్పుడో సోవియట్ దేశంలో చదువుకుంది. ఆయన నాడి పట్టుకుని, ఆయన భాషలో, "మీ డాక్టరును నేనే" అంటుంది. ఆయనకు మిగిలిన రోజులెన్నో నిజం చెబుతుంది. నాలుగు నిమిషాలు, ఒకే షాట్.

ఆ వేషానికి ముందు పెట్టుకున్న నటి రష్యన్ ముక్కలు బట్టీపట్టి అప్పజెప్తోందట. తమారా ఆ రోజు సాయంత్రమే మా ఇంటికొచ్చి ఈశ్వరమ్మగారి చేతులు పట్టుకుంది.

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. మూడో రోజు టీ ఇస్తూ అడిగారు.

"మహీ, సినిమాల 'నేను డాక్టర్ని' అంటే అబద్ధం కాదారా?"

"సినిమా అంటేనే అబద్ధం కదండీ ఆంటీ."

"వేరేటోళ్లు అంటే సినిమా. నేనంటే?"

నా చేతిలో టీ చల్లారింది. ఒక్క కోతైనా కోయకుండా నా టీ చల్లారడం ఒంటారియో చరిత్రలో అదే మొదటిసారి.

"ఇరవై మూడేండ్లాయె ఆ మాట అనక. ఒక్కసారి అనాలని ఉంది. అనంగనే ఎవరన్న వచ్చి, నీ లైసెన్స్ ఏదమ్మా అంటరేమోనని గుండె దడదడ కొట్టుకుంటది. చూడు కావాలంటే" అని చెయ్యి చాచారు. నాకు నాడి చూడటం రాదు. అయినా పట్టుకున్నాను. పరుగెడుతోంది.

ఒప్పుకున్నాక ఆ మూడు వారాలూ ఇల్లు ఆస్పత్రి వరండాలా తయారైంది. మెట్ల మీద, వంటింట్లో, బట్టలు మడతపెడుతూ అదే మాట. "యా వాష్ వ్రాచ్." మీ డాక్టరును నేనే. ఒకసారి తర్వాతి వాక్యం మర్చిపోయి స్టవ్ దగ్గర కళ్లు మూసుకుని నిలబడేవారు. అన్నం మూడుసార్లు మాడింది. వాంకూవర్‌లో ఉన్న కూతురు మృదుల ఫోన్ చేసి "మామ్, యూ విల్ బీ ఫైన్" అంటే, "చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే నేనూ గట్లనే అన్న. నాలుగు దినాలకు తగ్గింది" అని పెట్టేశారు.

నవంబరు రెండో శనివారం షూటింగు. డ్రైవరును నేనే. దారిలో తమారాకు, తెలుగులో ఏడు సినిమాలకు అసిస్టెంటు డైరెక్టరుగా చేశానని మనవి చేసుకున్నాను. నిజానికి భీమవరం దగ్గర ఒక షూటింగులో హీరోగారి గొడుగు పదకొండు నిమిషాలు పట్టుకున్నాను. నా అనుభవాన్ని గౌరవించి ఆర్కాది నాకు ఒక కీలకమైన సాంకేతిక బాధ్యత అప్పగించాడు. ఆ గది తలుపు కిర్రుమంటుంది. షాట్ నడుస్తున్నంతసేపూ అది కదలకుండా పట్టుకోవాలి.

చోటు, ఒక చిన్న ప్లాజాలో ఖాళీ చేసి వెళ్లిపోయిన క్లినిక్కు. మధ్యాహ్నం మూడింటి వరకే మాది. మూడింటికి కొత్తగా అద్దెకు దిగేవాళ్ల పనివాళ్లొచ్చి గోడలు పగలగొట్టడం మొదలుపెడతారు. ఇంకో రోజంటూ లేదు. మంచం, సెలైను స్టాండు, కిటికీ తెర సర్ది లైట్లు కుదిర్చేసరికి పన్నెండున్నర.

ముసలాయన వేషం బోరిస్ లివోవిచ్‌ది. డెబ్భై నాలుగేళ్లు. తాష్కెంట్లో ముప్పై ఏళ్లు రంగస్థలం మీద ఏలి, ఇక్కడికొచ్చి పన్నెండేళ్లు స్కూలు బస్సు నడిపాడు. రిహార్సల్సన్నీ ఆయన మాటలు తమారా చదువుతుంటే చేశారు కాబట్టి, ఈశ్వరమ్మగారు ఆయన్ను చూడటం అదే మొదలు. ఆస్పత్రి గౌనులో మంచం మీద పడుకుని, తెల్లకోటులో వచ్చిన ఈవిడను చూసి, తల వంచి, "ఈశ్వరమ్మ కొమరయ్యెవ్నా" అన్నాడు. ముప్పై ఏడేళ్ల తర్వాత ఆ పిలుపు. ఈవిడ అప్రయత్నంగా రెండు చేతులూ జోడించబోయారు.

ఆ కంగారులో స్క్రిప్టు జారి కింద పడింది. నాలుగు కాగితాలు, మూలన పిన్ను.

ఆవిడ ఏం చేశారు? మీరూ నేనూ ఏం చేస్తామో అదే. చటుక్కున వంగి, తీసి, రెండు కళ్లకూ అద్దుకున్నారు.

గదిలో కెవ్వుమని అరుపులు. కెమెరామన్ నెత్తి పట్టుకున్నాడు. తమారా "అయ్యో, ఎందుకు తీశారు!" అంది. బోరిస్ మంచం మీద లేచి కూర్చుని, ముక్కుకున్న ఉత్తుత్తి ఆక్సిజన్ గొట్టం పీకేశాడు. అప్పటి నుంచి రష్యన్‌లో జరిగిందంతా తర్వాత ఆవిడ నాకు చెప్పారు. ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను.

వాళ్ల నటులకొక పట్టింపుంది. చేతిలోంచి స్క్రిప్టు జారితే, అది పడ్డచోటే, తీయకముందే, దాని మీద కూర్చోవాలి. కూర్చోకపోతే ఆ వేషం ఆ మనిషిని వదిలేసి పోతుంది. తాష్కెంట్లో బోరిస్ పక్కన వేషం వేసినామె ఒకసారి నవ్వి ఊరుకుందట. ఆ సాయంత్రం రెండో అంకంలో ఆమెకు మాట పడిపోయింది. మళ్లీ స్టేజీ ఎక్కలేదు.

బోరిస్ ఆవిడ చేతిలోని కాగితాలు తీసుకుని, అవి పడ్డచోటే నేల మీద పెట్టాడు.

"కూర్చోండి."

"నేను కూసోను."

"ఒక్క క్షణం. కూర్చుని లేవండి, అంతే."

"కాయిదం మీద నేను కూసోను, బోరిస్ లివోవిచ్. మా నాయన ఇరవై ఎనిమిదేండ్లకు జేల్ల అక్షరాలు నేర్చుకున్నడు. కాయిదం కాలికి తాకితెనే కండ్లకద్దుకునెటోడు. ఆయన బిడ్డను నేను. కింద పెట్టి దాని మీద కూసోవాల్నా?"

ఆర్కాది చేతులు జోడించాడు. అంటే, వాళ్ల పద్ధతిలో గుండె మీద చేతులు పెట్టుకున్నాడు. గడియారం చూపించాడు. ఒంటిగంట కావస్తోంది. బోరిస్ కదల్లేదు.

"నాకు ఆమె మీద కోపం లేదు. కానీ మాట పడిపోయే మనిషి పక్కన నేను పడుకోను. ఇది బహుశా నా చివరి వేషం" అన్నాడు.

తమారా వరండాలోకి వెళ్లి ఫోన్ చేసింది. తిరిగొచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పింది. వాళ్ల వదిన బయల్దేరుతోందట. గంట పడుతుంది. డాక్టరు భారతీయురాలు కాకపోయినా ఫరవాలేదు, వేషం ఆమె వేస్తుంది. తెల్లకోటు ఆమెకు సరిపోతుంది.

ఈశ్వరమ్మగారు కోటు విప్పారు. గుండీలు విప్పడానికి చాలాసేపు పట్టింది. చేతులు మడిచి, కాలరు సరిచేసి, మడత చెడకుండా మంచం కొస మీద పెట్టారు. "పోదాం పా, బిడ్డా" అన్నారు.

కారులో కూర్చున్నాం. నేను తాళం తిప్పలేదు. బయట సన్నగా మంచు రాలుతోంది. ఏదో ఒక కోత కోసి ఆవిడను నవ్విద్దామనుకున్నాను.

"ఒక్క క్షణం కూర్చుంటే అయిపోయేది కదండీ" అన్నాను చివరికి.

"తొంభై తొమ్మిదిల ఇంటర్వ్యూల, పేరు పొట్టిగ చేసుకోమన్నరు. చేసుకున్న. ఈషా అన్నరు. పన్నెండేండ్ల దవాఖాన పని లెక్కకు రాదన్నరు. సరే అన్న. మల్ల మొదటి నుంచి చదువుమన్నరు. చదివిన. అన్నిటి మీదా కూసున్న బిడ్డా నేను. ఇదొక్కటి..." కిటికీ అద్దం వైపు తిరిగి, "యా వాష్ వ్రాచ్" అన్నారు మెల్లగా. ఎవరికీ వినిపించనక్కర్లేదన్నట్టు. అద్దం మీద ఆవిరి పట్టింది.

నాకు భయం పట్టుకుంది. ఇంటికెళ్లాక ఈ మనిషి ఇంక ఆ మాట ఎప్పటికీ అనరని. కోడి ఎముకల పేర్లు కూడా మానేస్తారని.

ఒంటిగంటా నలభైకి కారు అద్దం ఎవరో తట్టారు. బోరిస్. ఆస్పత్రి గౌను మీద ఓవర్‌కోటు, కాళ్లకు బూట్లు, బూట్లలో సాక్సుల్లేవు. అద్దం దించారు ఈవిడ.

"ఒక్కటి చెప్పండి. కాగితాన్ని కళ్లకు ఎందుకు అద్దుకున్నారు?"

"తప్పయింది, మన్నించమని."

ఆయన ఓవర్‌కోటు మీది మంచు దులుపుకున్నాడు. "మేం కూర్చునేదీ అందుకే. వేషం అలిగి వెళ్లిపోకుండా బతిమాలడానికి."

"బతిమాలెటోళ్లు మీద కూసుంటరా ఎక్కడన్న?"

డెబ్భై నాలుగేళ్లలో ఆయనకా సంగతి తోచలేదనుకుంటా. "మరి మీరెలా బతిమాలతారు? పెద్ద తప్పయితే?"

"తల ఆనిస్తం."

"బరువు పడుతుందా? మా పట్టింపుకు బరువు ముఖ్యం. కాగితం కింద, మనిషి పైన."

"నా తల బరువు మీకు తెల్వదు, బోరిస్ లివోవిచ్."

ఆయన కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

లోపల కాగితాలు పడ్డచోటే ఉన్నాయి. ఎవరూ తొక్కకుండా బోరిస్ వాటి మీద తన టోపీ బోర్లించి వచ్చాడు. టోపీ తీశాడు. ఈశ్వరమ్మగారు వంగబోయి, "మోకాళ్లు రెండూ గోడౌనుకే ఇచ్చిన. పట్టుకోన్రి" అన్నారు. ఒక చెయ్యి బోరిస్, ఒక చెయ్యి నేను. మెల్లగా మోకాళ్ల మీదికి దిగి, నుదురు ఆ కాగితాల మీద ఆనించి, ఒంట్లో ఉన్న బరువంతా తలలోకి దింపారు. బోరిస్ గట్టిగా లెక్కపెట్టాడు. అదీన్, ద్వా, త్రి. పది వరకూ. గదిలో ఎవరూ నవ్వలేదు. లేపేసరికి ఆవిడ నుదుటి మీద పిన్ను అచ్చు పడి ఉంది.

బోరిస్ ఆ అచ్చును పరీక్షగా చూసి, "ఉంటుంది. వేషం ఇంక ఎక్కడికీ పోదు" అని తేల్చి, మంచమెక్కాడు.

లైట్లు మళ్లీ సరిచేసేసరికి రెండూ ఇరవై ఐదు. గొట్టం పెట్టారు. కోటు తొడిగారు. నుదుటి మీద అచ్చు పోలేదు, వెంట్రుకలు కిందికి దువ్వారు. ఆర్కాది చెయ్యి పైకెత్తాడు. నేను తలుపు పట్టుకున్నాను. మొదలైంది.

ఆవిడ నడిచి వచ్చి, కుర్చీ లాక్కుని, కూర్చుని, బోరిస్ మణికట్టు పట్టుకున్నారు. ఇప్పుడు మాట అనాలి.

అనలేదు.

మూడు వేళ్లు నాడి మీద. కళ్లు గోడ మీది గడియారం వైపు వెళ్లాయి. ఐదు సెకన్లు. పది. ఆర్కాది మెడ మీద నరం లేచింది. తమారా పిడికిలి నోట్లో కుక్కుకుంది. నాకు ఒకటే వినిపిస్తోంది, తాష్కెంట్, రెండో అంకం, మాట పడిపోయింది. ఇరవై సెకన్లు. సరిగ్గా అప్పుడే నా వీపు వెనక ఎవరో తలుపు నెట్టారు. తమారా వదిన! నేను వీపు ఆనించి కాళ్లు తన్నిపెట్టాను. అవతల ఆమె, ఇవతల నేను. తలుపు వెంట్రుకవాసి కదిలింది, కిర్రు సగంలో ఉంది. ఆ క్షణాన నా ఒంట్లో ఉన్న బలంతో ఒషావా కార్ల ఫ్యాక్టరీలో కార్లన్నీ ఒక్కణ్నే తయారుచేసేవాణ్ని. తలుపు ఆగింది. ముప్పై సెకన్లు.

ఈశ్వరమ్మగారు కళ్లు దించి ఆయన ముఖంలోకి చూశారు. ఆ చూపు మూడు వారాల రిహార్సల్స్‌లో ఎన్నడూ లేదు.

"యా వాష్ వ్రాచ్."

ఆ తర్వాత మూడు నిమిషాలూ నేను ఊపిరి పీల్చానో లేదో చెప్పలేను. ఒక్క మాట జారలేదు. ఆర్కాది "స్న్యాతో!" అని అరిచాడు. తీసేశాం, అయిపోయింది అని. కెమెరామన్ ఏడుస్తున్నాడు. తమారా పరుగెత్తుకొచ్చి వాటేసుకోబోయింది.

ఈవిడ మాత్రం ఆ మణికట్టు వదల్లేదు.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగారు.

"ఏమిటి?" అన్నాడు బోరిస్, ఇంకా వేషంలోనే ఉన్నట్టు.

"ప్రతి ఏడో దెబ్బ పడుతలేదు."

"ఓహో, అదా. పాత్ర కోసం."

"పాత్ర కోసమని నాడి దెబ్బ ఎగ్గొట్టదు. కండ్లు తిరుగుతున్నయా?"

ఆయన మెల్లగా గొట్టం తీశాడు. ఎండాకాలం నుంచి తిరుగుతున్నాయట. మెట్ల మీద రెండుసార్లు పడ్డాడట. ఎక్కడో డాక్టరుకు చూపించుకుని, బస్సు నడపడానికి నేర్చుకున్న ఇంగ్లిషులో "టయర్డ్" అని చెప్పాడు. విటమిన్లు రాశారు. సినిమా ఆగిపోతుందేమోనని ఆర్కాదికి చెప్పలేదు.

"మహీ, కారు తియ్యి" అన్నారు ఈశ్వరమ్మగారు.

"ఇంటికా?"

"దవాఖానకు. ఇప్పుడే."

మూడింటికి పనివాళ్లు సుత్తెలతో దిగుతుంటే మేం బయటికొచ్చాం. కోటు తమారాకు ఇచ్చేశారు. దారంతా వెనక సీట్లో ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నారు. రెడ్ లైట్ దగ్గర నేను ఆగితే, వెనక నుంచి "తొమ్మిదైంది... మల్ల ఏడుకే" అని మెల్లగా గొణిగేవారు. నేను జీవితంలో అంత జాగ్రత్తగా, అంత వేగంగా ఎప్పుడూ నడపలేదు. అద్దంలో చూస్తే బోరిస్ పెదాలు తెల్లబడి ఉన్నాయి. ఒకసారి తల పక్కకు వాలింది. ఈవిడ చెంప మీద తట్టి రష్యన్‌లో గద్దించారు, కొట్టులో గద్దించినట్టే. తల లేచింది.

ఎమర్జెన్సీలో, ముందే ఆస్పత్రి గౌను తొడుక్కుని వచ్చిన రోగిని చూసి నర్సు కంగారుపడింది. ఎక్కడ నుంచి పారిపోయి వచ్చారని అడిగింది. నేను సమాధానం చెప్పబోతే ఈశ్వరమ్మగారు నా మణికట్టు పట్టుకున్నారు.

"మీరు ఈయనకు ఏమవుతారు?" అని అడిగింది నర్సు.

ఈవిడ ఫారం తన వైపు లాక్కుని, "ఇంటర్‌ప్రెటర్" అన్నారు. దుబాసీ అని. ఫారంలో ఆ మాటే రాశారు, పెద్దక్షరాలతో.

ఆ తర్వాత సినిమా ఒక లైబ్రరీ హాల్లో అరవై మందికి వేశారు. ఆ ముప్పై సెకన్ల మౌనాన్ని ఆర్కాది ఎనిమిది సెకన్లకు కోసేశాడు. బాగానే ఉంది. కానీ నేను చెప్పేది ఆ రోజు సాయంత్రం ఆస్పత్రిలో నేను చూసింది.

బోరిస్‌ను మంచం మీద పడుకోబెట్టి, ఛాతీకి తీగలు తగిలించారు. తెర మీద ఆకుపచ్చ గీత. దెబ్బలు లెక్కపెట్టాను. ఏడోది లేదు. కుర్ర డాక్టరొకాయన వచ్చి, కాగితం మీద గీత చూసి, ముఖం మార్చి, ఎవరికో ఫోన్ చేశాడు. ఇవాళే పేస్‌మేకర్ పెట్టాలన్నాడు. రేపటి వరకు ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనన్నాడు. ఈశ్వరమ్మగారు ఒక్కో మాటా రష్యన్‌లోకి మార్చి బోరిస్‌కు చెప్పారు. ఆయన జవాబులు ఇంగ్లిషులోకి మార్చి డాక్టరుకు చెప్పారు. గొంతులో తడబాటు లేదు, ఎక్కువ తక్కువలు లేవు.

"నాడి తప్పుతోందని ఎవరు కనిపెట్టారు?" అని అడిగాడు కుర్ర డాక్టరు.

ఈవిడ దాన్ని బోరిస్‌కు అనువదించారు. బోరిస్ తీగల మధ్య నుంచి చెయ్యి తీసి, వేలు ఈవిడ వైపు చూపించాడు.

"అనా మోయ్ వ్రాచ్" అన్నాడు.

డాక్టరు ఈవిడ వైపు తిరిగాడు. "ఏమంటున్నారు?"

ఈశ్వరమ్మగారు నోరు తెరిచి, ఆగిపోయారు. కళ్లు గోడ గడియారం వైపు వెళ్లాయి. ఐదు సెకన్లు. పది. కుర్ర డాక్టరు కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. వెంట్రుకలు చెదిరి, నుదుటి మీద పిన్ను అచ్చు ఇంకా ఎర్రగా కనిపిస్తోంది. నాడి పట్టుకోవడం నాకు రాదు గానీ, అప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని ఉంటే ఎంత పరుగెడుతోందో తెలిసేది.

దుబాసీ అన్నాక విన్నమాట మార్చి చెప్పకూడదు.

"హీ సేజ్," అన్నారు ఈశ్వరమ్మగారు, "ఐయామ్ హిజ్ డాక్టర్."